నెట్‌బుక్‌లో తాలు ఏరిన మనిషి

ఆ కంప్యూటర్ని మిర్చి టిక్కీల మధ్య చలిగదిలో పెట్టింది నేను. కరుణమ్మ గారు కాదు. పదమూడేళ్ళ కిందట, పదిమంది ఎదుట, ఒక్క నిమిషంలో చెప్పి ఊరుకోవాల్సిన మాట ఇది. ఆ రోజు నోరు తెరవలేదు. తరవాత చెబుదామనుకున్నాను, ఆ తరవాత ఇప్పుడెందుకులే అనుకున్నాను.

పోయిన నెల గుంటూరులో మా ఆఫీసు లాప్‌టాప్ మరీ నెమ్మదించిందని బాగుచేసే మనిషిని పిలిపించాను. ఆయన దాన్ని బోర్లించి, అడుగు రేకు విప్పి, ఫ్యాను మీద ఉఫ్ అని ఊదాడు. ఎర్రటి దుమ్ము గుప్పున లేచింది. గదిలో ఉన్న నలుగురం వరసపెట్టి తుమ్మాం. మిర్చి యార్డుకి దగ్గరలో ఉన్న ఆఫీసు కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ వేడెక్కిన ప్లాస్టిక్ వాసనతో కలిసి వచ్చే ఘాటు మామూలు మిర్చి ఘాటు కాదు. దాన్ని అంతకుముందు నేను ఒక్కసారే పీల్చాను. ఎక్కడ పీల్చానో గుర్తొచ్చేలోపే ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మీరింకా నయం సార్. నరసరావుపేట రోడ్డులో కూలి మేస్త్రి ఒకావిడ ఉందంట. చల్లగా పెడితే కాయలు చెడవు గదా, కంప్యూటర్ కూడా చెడకుండా ఉండిద్దని తీసుకెళ్ళి ఏసీలో పెట్టిందంట! బయటికి తీస్తే నీళ్ళు కారిపోయినయ్యంట!" అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వడం ఆపాక కుర్చీలో కూర్చోలేకపోయాను.

మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. మిర్చి కోతలయ్యాక, ధర వచ్చేదాకా రైతులు సరుకుని అందులో దాచుకుంటారు. మిర్చి కుక్కిన గోతాన్ని టిక్కీ అంటారు. నరసరావుపేట రోడ్డులో ఉన్న అలాంటి ఒక ఏసీలో నేను గుమస్తాగా చేరినప్పుడు నాకు ముప్ఫై మూడేళ్ళు. లారీలు, ట్రాక్టర్లు వచ్చి ఆగే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఏ రైతు సరుకు, ఎన్ని టిక్కీలు, ఏ చాంబర్లో ఏ వరసలోకి వెళ్ళిందీ రాసుకోవడం నా పని. అంతవరకూ పుస్తకంలో రాసేవాళ్ళు. ఆ ఏడు మేనేజరు శేషయ్య గారు ముచ్చటపడి ఒక నెట్‌బుక్ తెప్పించారు. పదంగుళాల తెర, అరచేయంత కీబోర్డు. అక్కడి కూలీల ముఠాలోని ఆడవాళ్ళు దానికి పిల్ల కంప్యూటరని పేరు పెట్టారు.

ఆ ముఠాకి మేస్త్రి కరుణమ్మ గారు. అప్పటికి యాభై దాటిన మనిషి. సన్నగా, ఎత్తుగా, తల మీద తువ్వాలు చుట్టుకుని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూనే ఉండేది. ఏడో తరగతితో చదువు ఆగింది. ఆ తరవాత బతుకంతా మిరపకాయల్లోనే గడిచింది. ముందు కోతలకి వెళ్ళింది, తరవాత తాలు ఏరింది. తాలంటే ఎండిన కాయల్లో రంగు పోయి తెల్లబడ్డవి. అవి నాలుగు కలిసినా మంచి సరుకు ధర పడిపోతుంది. ఒక రాశి ముందు కూర్చుంటే ఆవిడ చూపు ఎర్రకాయల మీద ఆగేది కాదు, నేరుగా తాలు మీదే వాలేది. టిక్కీల మీద కుంచెతో గుర్తులు వేసే పని కూడా ఆవిడదే కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అన్నీ వచ్చు. అందరిలాగే నేనూ అప్పట్లో "కరుణమ్మా" అని పిలిచేవాణ్ణి. ఆవిడతోపాటు చర్చిలో పాటలు పాడే మార్తమ్మ అనే ఆవిడ ముఠాలో ఉండేది. ఆవిడ నోటికి జడిసి లారీ డ్రైవర్లు కూడా హారన్ కొట్టేవాళ్ళు కాదు.

పిల్ల కంప్యూటర్ వచ్చిన మొదటి వారమే నా పరువు పోయింది. పొద్దున మీట నొక్కితే అది లేచి కూర్చునేసరికి ఒక ట్రాక్టరు సగం ఖాళీ అయ్యేది. రైతు పేరు కొడితే అక్షరం అక్షరానికీ ఆలోచించేది. పదకొండింటికల్లా బ్యాటరీ అయిపోయేది. ప్లాట్‌ఫారం మీద ప్లగ్గు లేదు. ఉన్నా లాభం లేదు, ఆ వేసవి కరెంటు కోతలు అలాంటివి. జనరేటరు చాంబర్లని చల్లబరచడానికే సరిపోయేది. ఒకరోజు నేను తెర వంక చూస్తూ, తెర నా వంక చూస్తూ ఉండగా కరుణమ్మ గారు వచ్చి పక్కన నిలబడింది.

"ఏందండీ గుమస్తా గారూ, ఇంకా నిద్ర లేవలేదా పిల్ల?"

"లేస్తోంది. ఉండు."

"మా ముఠాలో ఇంతసేపు ఒళ్ళు విరుచుకుంటే మార్తమ్మ నీళ్ళు కుమ్మరిచ్చిద్ది. లేచేటప్పుడు అదేం చేస్తందసలు?"

లోపల చాలా ప్రోగ్రాములు ఒకేసారి మొదలవుతాయనీ, అవన్నీ పైకి కనపడవనీ చెప్పాను. ఎన్ని అని అడిగింది. జాబితా తెరిచి చూపించాను. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చింది. ముప్ఫై ఎనిమిది.

"ఇంతమందిని ఎవరు పిలిచారండీ పనికి?"

"ఎవరూ పిలవలేదు. కొన్నప్పుడే ఉన్నాయి."

"ఇదేం చేస్తది?" మొదటి పేరు మీద వేలు పెట్టింది. నాకు తెలియదన్నాను. "మరిది?" అదీ తెలియదు. "ఇది?" అది ప్రింటరు కోసం అన్నాను. "ప్రింటరేది?" ప్రింటరు లేదు. ఆవిడ తువ్వాలు తీసి మళ్ళీ చుట్టుకుని, జాలిగా నా వంక చూసింది. "ఏం చేస్తాడో తెలియనోళ్ళని ఇంతమందిని పన్లో పెట్టుకుని, నువ్వు నడవట్లేదని దాన్ని తిడతన్నారా? ముందు తాలు ఏరండి."

తాలు ఏరడమంటే అన్నీ తీసి పారేయడం కాదు. ఆ సంగతి కూడా ఆవిడే చెప్పింది. నేను ఉత్సాహంగా సగం ప్రోగ్రాములు ఒకేసారి ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. రోజుకొకటి. ఒకణ్ణి ఇంటికి పంపి సాయంత్రం దాకా చూడాలి. పని ఆగకపోతే వాడు అక్కర్లేదు. ఆగితే మర్నాడు మర్యాదగా పిలుచుకోవాలి. కొత్త కూలీల్ని ఆవిడ అలాగే చూసుకునేది. గోడ మీద టిక్కీల రంగుతోనే కుంచె ముంచి ఆ పేర్లన్నీ వరసగా రాసింది. పంపేసినదాని మీద అడ్డగీత, ఉంచుకున్నదాని పక్కన చుక్క. ఒకరోజు నాకు పేరు నచ్చలేదని ఒకదాన్ని ఆపాను. కాసేపటికి ఏ రైతు పేరు కొట్టినా తెలుగు రావట్లేదు, ఇంగ్లీషు అక్షరాలు పిచ్చిగా పడుతున్నాయి. తెలుగు టైపు చేయించేది అదేనని అప్పుడు తెలిసింది. కరుణమ్మ గారు పొట్ట పట్టుకుని నవ్వింది. "పిలవండి, పిలవండి! పాపం వాడు పనోడే! పేరు చూసి పంపిచ్చేశారు!"

వైరస్‌ల కాపలా ప్రోగ్రాము దగ్గర మాత్రం పెద్ద చర్చ జరిగింది. అదెందుకని అడిగితే, దొంగలు రాకుండా అని చెప్పాను. వాళ్ళు ఎటునుంచి వస్తారంది. పెన్‌డ్రైవులోంచి అన్నాను. "అయితే వాచ్‌మన్ గేటు కాడ ఉండాల. పన్జేసే ప్రతోడి వెనకాలా తిరుగుతా గోతాలు విప్పి చూస్తంటే పనెట్టా సాగిద్ది?" అని, అది లోపలంతా వెతికే పనిని మధ్యాహ్న భోజనాలప్పటికి మార్పించింది. ఆ వేళకి నెట్‌బుక్ ఆఫీసు గదిలో ఉండేది, మా అదృష్టం బాగుంటే కరెంటు కూడా ఉండేది. ఇంకో రోజు కీబోర్డు మూల మినుకుమినుకుమంటున్న నీలం దీపం ఏమిటని అడిగింది. ఇంటర్నెట్ కోసం వెతుకుతోందన్నాను.

"ఈడ ఉందా అది?"

"లేదు."

"లేనిదాని కోసం పొద్దుగూకులూ వెతుకుతుందా? ఎవరన్నా చెప్పండి దానికి, పాపం." ఆ రోజుతో నీలం దీపం ఆరిపోయింది. దానితోపాటు కెమెరా, నేను సరదాకి తగిలించిన మౌసు, కిటికీలు తేలుతూ తెరుచుకునే సోకులు కూడా పోయాయి.

అన్నిటికన్నా బ్యాటరీని ఎక్కువ తాగేది తెర వెలుతురు. అది నాకు తెలుసు. తగ్గిస్తే ఏప్రిల్ ఎండలో అక్షరం కనపడదు కాబట్టి చేసేదేమీ లేదని వదిలేశాను. కరుణమ్మ గారికి ఆ సంగతి చెబితే ఒక్క మాటే అంది. "దీపం పెంచేబదులు ఎండ తగ్గిస్తే పోలా?" పొద్దున్నే ముఠాని పెట్టి ప్లాట్‌ఫారం మూల మూడువైపులా టిక్కీలు పేర్పించింది. పైన తన నల్ల గొడుగు కట్టింది. మధ్యలో నాకూ, పిల్లకీ ఒక గూడు. అందులో కూర్చుంటే వెలుతురు అడుగుకి దించినా అక్షరాలు శుభ్రంగా కనపడేవి. రెండు లారీల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా మూత మూసి నిద్రపుచ్చమనేది. "మేం కూర్చోమూ టిక్కీకీ టిక్కీకీ మధ్య? దానికి మాత్రం నడుం నొప్పి ఉండదా?" దుమ్ము పడకుండా పాత గోతం కత్తిరించి, లోపల మెత్తటి పంచె గుడ్డ వేసి, దానికొక సంచి కుట్టింది. నెలన్నర తిరిగేసరికి పదకొండింటికి కొడిగట్టే నెట్‌బుక్ మూడు దాటినా నడుస్తోంది. పొద్దున ట్రాక్టరు తలుపు తెరిచేలోగా లేచి కూర్చుంటోంది. గోడ మీద ముప్ఫై ఎనిమిది పేర్లలో పదకొండింటికే చుక్కలు మిగిలాయి.

ఆ గూట్లోనే ఆవిడ టైపింగ్ మొదలుపెట్టింది. కాయలు పట్టిన వేళ్ళతో తాకితే కీబోర్డు మండిపోతుందని నవ్వుతూ, ముందు కొబ్బరినూనె రాసుకుని, గోతం ముక్కకి తుడుచుకుని, ఒక్క వేలితో కొట్టేది. నేను పేరు కొట్టేలోగా ఆవిడ గుర్తు, అంకె, చాంబరు కొట్టేసేది, ఎందుకంటే అవి ఆవిడ చేత్తో వేసినవే. ఒక మధ్యాహ్నం శేషయ్య గారు వెనక నిలబడి చాలాసేపు చూశారు. "బాగుందే! వచ్చే సీజనుకి గుమస్తాని ఆఫీసులోకి పిలుచుకుంటా. ప్లాట్‌ఫారం మీద రాతకోతలు కరుణమ్మే చూసుకుంటది. కుర్చీ వేయిస్తా" అన్నారు. ఆవిడ మూడోరోజు కొత్త కళ్ళజోడుతో వచ్చింది. మార్తమ్మ ముఠా అందరికీ వినపడేలా, "దొరసాని గారొచ్చారు, లెగండే!" అని అరిస్తే, కరుణమ్మ గారు నిజంగానే దొరసానిలా చీర కుచ్చెళ్ళు సర్దుకుని నాలుగడుగులు నడిచి చూపించింది. నలభై ఏళ్ళు వంగి పనిచేసిన మనిషికి కూర్చుని చేసే పని వస్తోంది. ఆవిడకి కావలసినదల్లా ఆ కుర్చీ. అది అక్కడ ఉన్న అందరికీ తెలుసు, నాకు అందరికన్నా ఎక్కువ తెలుసు.

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. ఆ మెప్పు నాకు కొంచెం గుచ్చుకుంది. కంప్యూటర్ కోర్సు చేసింది నేను, మేనేజరు మెచ్చుకుంది ఆవిడని. నా బుర్రలోంచి కూడా ఒక ఉపాయం రావాలనిపించింది. ఒక శనివారం గుంటూరు వెళ్ళినప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికాను. వేడికి బ్యాటరీలు బలహీనపడతాయి, చల్లటి చోట ఉంచితే ఎక్కువకాలం మన్నుతాయి అని ఉంది. బ్యాటరీ విడిగా తీసి ఉంచాలని, తడి తగలకూడదని కింద ఇంకా ఏదో ఉంది. అంతదాకా చదవలేదు. నాకప్పటికే గొప్ప ఆలోచన వచ్చేసింది. ప్రపంచంలో ఎవరికీ లేని చల్లటి చోటు మాకుంది కదా! ఆ సాయంత్రం తిరిగొచ్చి, నెట్‌బుక్‌ని ఆవిడ కుట్టిన గోతం సంచిలో పెట్టి, రెండో చాంబర్లో ఒక వరస టిక్కీల మీద భద్రంగా పడుకోబెట్టి ఇంటికి పోయాను. మిరపకాయల మధ్య పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి తెలివి రాదు.

సోమవారం తొమ్మిదింటికే ఎండ మండిపోతోంది. చాంబర్లోంచి తెచ్చి సంచిలోంచి తీసేసరికి నెట్‌బుక్ ఒంటినిండా నీటిచుక్కలు. అప్పటికే మొదటి లారీ వచ్చి ఆగింది. తువ్వాలుతో పైపైన తుడిచి మీట నొక్కాను. తెర వెలిగింది. తెర లోపల ఒక చుక్క పైనుంచి కిందికి నిదానంగా జారింది. ఫ్యాను గిర్రున తిరిగి ఎర్రటి పొగ నా ముఖం మీదికి ఊదింది. కాలిన ప్లాస్టిక్కూ, మిర్చీ కలిసిన వాసన. తెర ఆరిపోయింది. ప్లాట్‌ఫారం అంతా తుమ్ములే.

శేషయ్య గారు పరుగున వచ్చారు. తడిని చూశారు, టిక్కీ తాళ్ళ పీచు చూశారు, చల్లగా ఉన్న సంచిని చేత్తో పట్టుకుని చూశారు. "ఏసీలో పెట్టారా దీన్ని? ఇది కరుణమ్మ కుట్టిన సంచి గదా! ఏందమ్మా ఇది?"

"నేను పెట్టలేదండీ" అంది ఆవిడ. అని నా వంక చూసింది. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు.

"ఏమయ్యా, నువ్విచ్చావా ఆవిడకి?" అన్నారాయన నాతో.

"శనివారం నేను మధ్యాహ్నమే గుంటూరు వెళ్ళానండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అది అంత నీచమైన మాట. సాయంత్రం తిరిగొచ్చానన్న ముక్క ఒక్కటి మింగేస్తే చాలు, మిగతాది వాళ్ళే అనుకుంటారని నాకు తెలుసు. వాళ్ళలాగే అనుకున్నారు. లారీ డ్రైవరు ముందు నవ్వాడు, తరవాత హమాలీలు, తరవాత రైతులు. "కాయనుకుందిరో పాపం!" అన్నారెవరో. శేషయ్య గారికి కూడా నవ్వొచ్చింది, కానీ నవ్వుతూనే తేల్చేశారు. "ఎవరి పని వాళ్ళు చేస్తే మంచిదమ్మా. నువ్వు టిక్కీలు చూసుకో." కుర్చీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, మడిచి, నడుముకి చెక్కుకున్న సంచిలో పెట్టుకోవడం నేను చూశాను.

నెట్‌బుక్‌తోపాటు పది రోజుల లెక్కలు పోయాయి. అంతకుముందువి మాత్రమే పెన్‌డ్రైవులో ఉన్నాయి. ఏ టిక్కీలు ఎవరివో తెలియకపోతే రైతులు వచ్చి పీక పట్టుకుంటారు. వాటిని తిరిగి రాయించింది కూడా ఆవిడే. ముఠా మొత్తాన్ని చాంబర్ల ముందు కూర్చోబెట్టింది. పుస్తకం పట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళ జ్ఞాపకం చూస్తే నాకు మతిపోయింది. "పచ్చ తాళ్ళ టిక్కీలు చెవిపోగుల తాతయ్యవి, రెండో చాంబరు." "కాదే, ఆయనవి మూడు. చేతికి కట్టుకట్టుకొచ్చినాయనవి రెండు." ఆవిడ కళ్ళు మూసుకుని గుర్తు, అంకె చెప్పేది. నాతో కాదు. చేతికందే దూరంలో ఉన్నా నాతో మాట్లాడేది కాదు. "మార్తమ్మా, గుమస్తా గారికి చెప్పు, నూట పద్నాలుగు, మూడో చాంబరు." మార్తమ్మ తలకాయ ఇటు తిప్పి, "గుమస్తా గారూ, నూట పద్నాలుగు, మూడో చాంబరంట" అనేది. మూడు రోజులు అలాగే సాగింది. ఒక్క అంకె తప్పు పోలేదు. ప్రతి అంకె దగ్గరా నిజం నా గొంతు దాకా వచ్చింది, ప్రతి అంకె దగ్గరా దాన్ని మింగాను.

సీజను అయిపోయే ముందు, చచ్చిపోయిన ఆ నెట్‌బుక్‌ని తనకిమ్మని ఆవిడ మేనేజరుని అడిగింది. "ఏం చేసుకుంటావమ్మా, మళ్ళీ ఏసీలో పెడతావా?" అని నవ్వి ఇచ్చేశారు. మరుసటి ఏడు నేను గుంటూరులో ఇంకో ఏసీలో చేరాను, ఇప్పుడు అక్కడే మేనేజర్ని. కథ నాకన్నా ముందే గుంటూరు చేరింది. ఈ పదమూడేళ్ళలో టీకొట్టు దగ్గరా, యార్డులోనూ కనీసం అయిదారుసార్లు విన్నాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న పద్ధతిని మాత్రం నా సొంతంలా వాడుకుంటూ వచ్చాను. ఆఫీసులో ఏ పని నత్తనడక నడిచినా, ఇందులో పిలవకుండా వచ్చినదేది, ఏం చేస్తుందో తెలియకుండా కూర్చున్నదేది అని చూస్తాను. ఒకేసారి అన్నీ మార్చను, రోజుకొకటి. దీపం పెంచే ముందు ఎండ తగ్గుతుందేమో చూస్తాను. కింది ఉద్యోగులు నన్ను మెచ్చుకుంటారు. తాలు ఏరడం ఇంత బాగా వచ్చినవాణ్ణి, నాలో ఉన్న ఒక్క తాలుకాయని మాత్రం ఏరి బయట వెయ్యలేకపోయాను.

పోయిన నెల మా ఆఫీసులో ఆ తుమ్ముల మర్నాడు శనివారం. బండి మీద బయల్దేరాను. కరుణమ్మ గారు ఇంటి ముందు అరుగు మీద చాటలో మిరపకాయలు పోసుకుని కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. కళ్ళజోడు అదే, ఒక కాడకి దారం కట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

"రండి గుమస్తా గారూ. దారి తప్పారా?"

"లేదు కరుణమ్మ గారూ, మీ కోసమే వచ్చాను."

"అమ్మో, గారు కూడానా! ఏదో పెద్ద పనే." మంచినీళ్ళు ఇచ్చి, నేనేదో చెప్పబోతుంటే వినిపించుకోకుండా, "ముందు మీకోటి చూపిచ్చాల, రండి" అని పక్కసందులో ఉన్న చర్చికి తీసుకెళ్ళింది. ముందువరసలో, గోడ మీద బొమ్మ వేసే యంత్రం పక్కన, గోతం సంచి. అదే సంచి. లోపల అదే నెట్‌బుక్.

ఆవిడ మురిసిపోతూ చెప్పింది. ఇంటికి తెచ్చాక బ్యాటరీ ఊడదీసి, మూత తెరిచి, కాయలు ఆరబెట్టినట్టే ఆరబెట్టిందట. ఎర్రటి ఎండలో కాదు, నీడ పట్టున, పూటకోసారి తిరగేస్తూ, పది రోజులు. తరవాత సెల్‌ఫోన్ల కొట్టులో ఫ్యాను కడిగించి, కొత్త బ్యాటరీ వేయించి మీట నొక్కితే లేచి కూర్చుందట. "ఇప్పుడు దాంట్లో పాటలు తప్ప ఇంకేం లేవు. పదకొండు మంది గూడా ఎక్కువే దానికి. నలుగురితో నడిపిస్తన్నా." ఆదివారం ఆదివారం పాటల మాటలు గోడ మీద పడేలా చూసేది ఆవిడే. యంత్రం వెనకాల ఒక కుర్చీ ఉంది. దాని మీద మెత్త కూడా ఉంది.

అప్పుడు చెప్పేశాను. నిలబడే, తల దించుకుని, అంతా చెప్పాను. విని ఆవిడ నెట్‌బుక్ మీద లేని దుమ్ము తుడిచింది.

"నాకు చెప్పేదేముందండీ? నేను పెట్టలేదని నాకు తెలియదా?"

"తప్పయిపోయింది కరుణమ్మ గారూ."

"కోపం నాకు చానా ఏళ్ళుంది. దాన్నీ ఒకరోజు పంపిచ్చి చూశా. పనేం ఆగలా. ఇంక పిలవలేదు." కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "కానీ నవ్వింది నేను కాదు గదా. ఊరంతా నవ్వింది. నా మనవరాలి బళ్ళో కూడా నవ్వారు. నవ్వినోళ్ళకి చెప్పండి. రేపు ఆదివారం, సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటది, ఎవరన్నా లేచి తమ సంగతి చెప్పొచ్చు."

"మీ చర్చిలోనా? నేను మీవాణ్ణి కాదు కదా..."

"దేవుడేం అనుకోడులే. మార్తమ్మే ఏదో ఒకటంటది."

ఆదివారం వెళ్ళాను. చర్చి నిండుగా ఉంది. సగంమంది ఆ ముఠావాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. వెనక వరసలో తెల్లచొక్కాతో శేషయ్య గారు కనపడ్డారు. కరుణమ్మ గారు కబురుపెట్టి పిలిపించిందని తరవాత తెలిసింది. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని మీట నొక్కింది. పాస్టరు గారు తల ఎత్తేలోగా పాట గోడ మీద పడింది. పాటలయ్యాక ఆయన, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. అందరూ అటూ ఇటూ చూశారు. లేచి నిలబడ్డాను.

"ఎవరే ఆయన?" అన్నారెవరో. "మన గుమస్తా గాడే!" అంది మార్తమ్మ, చర్చి అంతా వినపడేలా. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"అందరికీ వందనాలు. మీ అందరికీ ఒక కథ తెలుసు. కంప్యూటర్ని తీసుకెళ్ళి ఏసీలో మిర్చి టిక్కీల మీద పెట్టిన కథ. నేను కూడా నవ్వాను ఆ కథకి. అది పెట్టింది కరుణమ్మ గారు కాదు. నేను. శనివారం మధ్యాహ్నం గుంటూరు వెళ్ళినమాట నిజం. సాయంత్రం తిరిగొచ్చి పెట్టాను. శేషయ్య గారూ, ఆ మాట ఆ రోజు మీకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ కూర్చోవాల్సిన కుర్చీ ఆవిడకి వచ్చేది. ఆ కంప్యూటర్ని అంతకాలం నడిపింది ఆవిడ, చంపింది నేను, మళ్ళీ బతికించుకుంది కూడా ఆవిడే. కరుణమ్మ గారూ, మీరు నా వంక చూసి ఎదురుచూశారు, నేను నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి. మిగతా అందరికీ ఒక మనవి. ఆ కథ చెప్పుకోవడం మానొద్దు, మంచి కథ. బాగా నవ్వండి. పేరు మాత్రం మార్చండి. నా పేరు రామ్మోహనరావు."